తుపాకి మూతి మీద నిమ్మకాయ

పాలమూరు దవాఖానలో మా ఆయన కుడి కంటికి ఆపరేషన్ చేసి, రెండు కళ్లకూ గుడ్డ కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి పడుకోబెట్టారు. ఆ వారం రోజులూ నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్నది లేదు. మంచం పక్కన కాసేపు, వరండాలో కాసేపు, బయట నల్లా దగ్గర కాసేపు. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగేదాన్ని. వార్డు ఊడ్చే ఆమెకు నన్ను చూస్తే ఒళ్లు మండేది.

"ఏందమ్మా, కాలుగాలిన పిల్లోలె గట్ల తిరుగుతున్నవ్? నీ పెనిమిటికి ఏం గాదు. చూపొస్తది తీయ్" అన్నది.

చూపు వస్తుందనే నా భయం అని ఆమెకు ఎట్లా చెప్పను?

తప్పుగా అనుకోకండి. ఆయనకు చూపు రావాలని నేను మొక్కని దేవుడు లేడు. కానీ చూపు వచ్చిన మనిషి ఇంటికి పోగానే మొదట ఏం చూస్తాడో నాకు తెలుసు. నా మొహం చూడడు, పిల్లల మొహాలూ చూడడు. దూలానికి వేలాడుతున్న తుపాకి దించి, బోల్టు లాగి, గొట్టానికి కన్ను పెడతాడు. ఆ గొట్టం లోపల ఏముందో ఎనిమిదేళ్లుగా నాకు ఒక్కదానికే తెలుసు.

మాది మర్రిగూడ దిక్కు మెట్ట ఊరు. జొన్న, ఆముదం, కంది, కొన్ని గొర్రెలు. ఊరి నీళ్లకు అందరి పళ్లూ గారపట్టి ఉంటాయి. మా మామ ఒక దొర గడీలో తుపాకులు తుడిచే పని చేసేవాడట. మా ఆయన ఆ నూనె వాసనలోనే పెరిగాడు. పోలీస్ యాక్షన్ అయ్యాక దొరలు చాలామంది పట్నం దారి పట్టారు. గోడలకున్న తుపాకుల్లో కొన్ని సర్కారుకు పోయాయి, లైసెన్సులున్నవి మిగిలాయి. జాగీర్లు కూడా పోయినాక ఆ మిగిలినవి ఒక్కొక్కటే అమ్మకానికి రావడం మొదలైంది. కొనేవాళ్లు హైదరాబాదు వకీళ్లు, డాక్టర్లు, అడవి కాంట్రాక్టర్లు. జీపుల్లో వచ్చేవాళ్లు. వాళ్లకు పైసలున్నాయి, సరదా ఉంది, ఏ తుపాకి బతికుందో ఏది చచ్చిందో చెప్పే మనిషి లేడు. ఆ మనిషి మా ఆయన అయ్యాడు.

నల్లగొండ, పాలమూరు రెండు జిల్లాల్లో ఏ గడీలో ఏ రైఫిలుందో ఆయనకు నోటికి వచ్చేది. జర్మనీ చేతదా, విలాయతి చేతదా, భుజానికి ఆనించే కుందా అక్రోటు కర్రదేనా, మధ్యలో ఎవరన్నా మార్చారా, బోల్టు మీది నంబరూ ఒంటి మీది నంబరూ కలిశాయా, అన్నీ చెప్పేవాడు. మా ఊళ్లో వాటిని గడియ తుపాకులు అనేవాళ్లు, తలుపు గడియలాగా ఎత్తి లాగుతారు కాబట్టి. నేనూ అదే అనేదాన్ని. "గడియ గాదే, బోల్టు" అని వెయ్యిసార్లు దిద్దాడు. నేను దిద్దుకోలేదు.

అమ్మేవాళ్లకు ఒక జబ్బుండేది. గోడ మీది పులితోలు చూపించి ధర చెప్పేవాళ్లు. ఒక దొర అయితే తన రైఫిలుతో చచ్చిన పులులను వేళ్ల మీద లెక్కబెట్టి మరీ చెప్పాడట. మా ఆయన చేతులు కట్టుకునే ఉండి, "పులి సచ్చినందుకు తుపాకి ధర పెరగదు దొరా. గొట్టం బతికుంటే పెరుగుతది" అన్నాడట. ఈ మాట నాకు వందసార్లు చెప్పుకుని మురిసేవాడు. వందోసారి కూడా మొదటిసారిలాగే వినాలి, లేకపోతే అలుగుతాడు.

గొట్టమే ప్రాణం అనేవాడు. పైన వెండి పని ఉన్నా, కుందా మీద ఏనుగు దంతం అతికించినా, లోపల తూటాను తిప్పే గాడులు అరిగినా, తుప్పు తిని గుంటలు పడినా అది పొయ్యిలో కట్టెతో సమానం. బోల్టు తీసేసి, వెనక నుంచి కన్ను పెట్టి, మూతిని ఆకాశం వైపు పెట్టి చూడాలి. మంచి గొట్టం అయితే గాడులు మెలికలు తిరుగుతూ మెరుస్తూ చివరిదాకా పోతాయి. అంతే. అది చూడటానికి కన్ను కావాలి.

మాకు సొంతంగా రెండుండేవి. పెద్దది, చిన్నది అనేవాళ్లం. పెద్దది జర్మనీది. గడీ ఖాళీ చేసిన రోజు ఆ ఇంటి దొరసాని పిలిచి మా మామ చాకిరీకి బదులుగా ఇప్పించింది. చిన్నది తేలికది, ఆయన ఏళ్ల తరబడి బతిమాలి ఒక పటేలు దగ్గర కొన్నాడు. పిల్లల ముక్కు ఎన్నడూ తుడవని మనిషి ఆ రెండింటినీ రోజు విడిచి రోజు తుడిచేవాడు. పెద్దదాని మీద మనసు ఎక్కువ. దాన్ని పట్టుకుంటే నాయిన చెయ్యి పట్టుకున్నట్టుంటదని ఒకసారి అన్నాడు.

ఇక నిమ్మకాయ సంగతి. మా దగ్గర దసరాకు ఇంట్లో ఉన్న కత్తి, కొడవలి, నాగలి కర్రు అన్నిటికీ పూజ చేస్తాం. తుపాకి ఉన్న ఇంట్లో తుపాకికీ చేస్తారు. పసుపు, కుంకుమ, మూతి మీద ఒక నిమ్మకాయ గుచ్చి నిలబెడతారు. మా ఇంట్లోనూ పెట్టేవాళ్లం. కానీ హారతి చల్లారకముందే ఆయన నిమ్మకాయ పీకేసి, మూతి తుడిచి, లోపల నూనె గుడ్డ దూర్చి లాగేవాడు. అది పూజలో భాగమే అనుకున్నాను నేను. ఎందుకు చేస్తాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పంతొమ్మిది వందల యాభైలు సగం దాటాయి. ఆయన కళ్లు మసకబారడం మొదలైంది. దీపం చుట్టూ వలయాలు కనపడుతున్నాయనేవాడు. అన్నంలో రాయి పంటికి తగిలేదాకా తెలిసేది కాదు. అప్పుడు మా అత్త బతికే ఉంది. ఒకరోజు చేటలో కందులు చెరుగుతూ మెల్లగా అన్నది.

"ఎన్ని జింకల కండ్లు మూపిచ్చిండు వాడు. ఉసురు తగల్తది గాదె? గా తుపాకికే దిష్టి దియ్యాలె. మూతికి నిమ్మకాయ వెట్టి తొమ్మిది శుక్కురారాలు ఉంచు. వానికి జెప్పకు, నవ్వుతడు."

ఆ ఆషాఢంలో ఆయన హైదరాబాదు పోయాడు. ఒక తుపాకుల దుకాణం సేఠు పాత సరుకు చూసి ధర కట్టడానికి పిలిచాడు. పగటి వెలుతురులో ఇంకా చూడగలిగేవాడు అప్పటికి. వానలు పడుతున్నాయి, రెండు నెలలు రాలేదు. నేను తలంటుకుని, ధాన్యం అర్రలో పెద్దదాన్ని మూలకు నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయను మూతి మీద గట్టిగా నొక్కి గుచ్చాను. మళ్లీ శుక్రవారానికి దాన్ని తీసి కొత్తది గుచ్చాను. రసం చుక్కలు చుక్కలుగా లోపలికి కారిపోతుంటే మనసుకు హాయిగా ఉండేది. తుపాకి చేసిన పాపమంతా కరిగి అడుగుకు పోతున్నదనుకున్నాను. తొమ్మిది శుక్రవారాలు, తొమ్మిది నిమ్మకాయలు. ఆఖరుది తీసి, పైపైన తుడిచి, బట్టలో చుట్టి దూలానికి కట్టేశాను.

ఆయన వచ్చాడు. చూపు బాగుపడలేదు సరే, ఇంకా పోయింది. పట్నంలో పెద్ద డాక్టరుకు చూపిస్తే శుక్లాలన్నాడట, ఇంకా ముదరలేదు, ముదిరినాక కొయ్యాలన్నాడట. అప్పట్లో అట్లాగే అనేవాళ్లు. ఆయన మొహం వాడిపోయి ఉంది. స్నానం కూడా చేయకుండా పెద్దదాన్ని దించి పెరట్లోకి తీసుకుపోయాడు. బోల్టు లాగి కన్ను పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కళ్లు నులుముకున్నాడు. చాలాసేపటికి నన్ను పిలిచాడు.

"ఏమే, జర ఇటు రా. గిండ్ల కన్ను పెట్టి ఏం గనపడతాందో జెప్పు."

అంతకుముందు ఎన్నడూ నన్ను తుపాకి ముట్టనిచ్చిన మనిషి కాదు. ఆయన గొంతులో బతిమాలినట్టు ఏదో ఉంది, అది నాకు భరించరానట్టయింది. కన్ను పెట్టాను. లోపల ఎర్రగా, పొక్కులు పొక్కులుగా, పాత రేకు డబ్బా అడుగులాగా ఉంది. అట్లా ఉండాలో ఉండకూడదో నాకు నిజంగా తెలియదు. తుపాకి లోపల చూడటం అదే మొదలు.

"గీతలు తేటగున్నయా? మెరుస్తున్నయా?"

"మెరుస్తున్నయి" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. "మరి నా కండ్లే గట్ల జేస్తున్నయన్నట్టు" అన్నాడు. దిగులుతోనే అన్నాడు గానీ తుపాకి బాగుందన్న సంతోషం కూడా ఉంది. ఆ సంతోషం చూసి మంచిపనే చేశాననుకున్నాను.

ఆ రోజు నుంచి నేను ఆయన కన్నునయ్యాను. చూపు పోయిందని తెలిస్తే ఎవడూ పిలవడు. అందుకని ఎక్కడికి పోయినా నన్ను వెంట తీసుకుపోయేవాడు. దేవరకొండ దిక్కు, కల్వకుర్తి దిక్కు, అచ్చంపేట దిక్కు, బస్సులో కొంత, బండిలో కొంత. పైకి చెప్పేది దొరసానమ్మను పలకరించడానికి వచ్చిందని. నేను లోపలికి పోయి తమలపాకులు నముల్తూ కూర్చునేదాన్ని. ఆయన బయట బరువు చూసి, కుందా నిమిరి, బోల్టు ఆడించి చప్పుడు విని, "లోపల జర నూనె గుడ్డ పెట్టి తుడవాలె, ఆడోళ్లను ఒక పాత గుడ్డ ఇయ్యమనుండ్రి" అని గొట్టం పట్టుకుని వెనక పెరటి గుమ్మం దాకా వచ్చేవాడు. నేను గుడ్డ ఇచ్చే వంకతో పోయి, ఆకాశం వైపు పెట్టి ఒక్క చూపు చూసి, ఆయన అరచేతిలో వేలు నొక్కేదాన్ని. ఒక వేలు అంటే కొత్తదానిలాగా ఉంది. అయిదు వేళ్లంటే చచ్చింది. మధ్యలోవి మధ్యలోవే.

ఆయన బయటకు పోయి, గొంతు సవరించుకుని, పెద్ద పండితుడిలాగా చెప్పేవాడు. నేను లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకునేదాన్ని. ఆ తిరుగుళ్లు నాకు ఇష్టంగా ఉండేవి, అబద్ధం ఎందుకు. కొంప పట్టుకుని ఉండే రకం కాదు నేను.

కానీ పని నేర్చుకున్నకొద్దీ నాకు నిద్ర దూరమైంది. మొదటిసారి నిజంగా మంచి గొట్టం చూసినరోజు ఇప్పటికీ గుర్తే. కల్వకుర్తి దిక్కు ఒక గడీ. కన్ను పెట్టగానే లోపలంతా తెల్లటి వెలుగు, గాడులు చుట్లు చుట్లుగా పోతూ, చివర గుండ్రంగా ఆకాశం ముక్క. అట్లాగే నిలబడిపోయాను. మెరవడం అంటే ఇదీ. మరి మా ఇంట్లో నేను మెరుస్తున్నాయని చెప్పింది ఏమిటి? ఒంటి వేలు నొక్కాను, తీయడం మరిచిపోయాను. "ఏమైందే?" అని ఆయన గుసగుసగా అడిగాడు. ఏమీ కాలేదన్నాను.

మరికొన్నాళ్లకు ఇంకో గడీలో అచ్చం మా పెద్దదానిలాగా ఉన్న గొట్టం చూశాను. మూతి దగ్గర మరీ ఎక్కువ. అయిదు వేళ్లు నొక్కాను. ఆయన మూతి చుట్టూ బొటనవేలు తిప్పి, అక్కడి మనుషులతో కోపంగా అన్నాడు: "దసరా నిమ్మకాయ పెట్టి అట్లనే ఇడిసిపెట్టిండ్రు గదా? పులుసు లోపలికి దిగి తుప్పు తిన్నది. బంగారమసొంటి రైఫిల్ సంపిండ్రు. తుపాకి సంగతి తెల్వనోళ్ల ఇంట్ల తుపాకి ఉండద్దు." తలుపు వెనక నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇంటికి వచ్చి పెద్దదాని మూతి వేలితో తడిమాను. గరుకుగా ఉంది. ఆయన దాన్ని రోజు విడిచి రోజు తుడుస్తాడే, ఎందుకు పట్టుకోలేదు? ఎందుకంటే ఊరోళ్ల తుపాకి మీద వెతికినట్టు సొంత తుపాకి మీద ఎవరు వెతుకుతారు? పైగా నేను చెప్పాను కదా. నా మాట మీద నమ్మకం ఉంచాడు.

ఇక చెప్పాలనుకున్న రోజులకు లెక్కలేదు. అన్నం పెట్టేటప్పుడు చెప్తాననుకుంటాను, అన్నం తినే మనిషికి ఎందుకులే అనుకుంటాను. తిన్నాక చెప్తాననుకుంటాను, తిన్నాక ఆయన పెద్దదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. అత్త పోయింది. ఆమె ఉంటే సగం తప్పు ఆమె మీద వేసేదాన్ని. అంతా నాకే మిగిలింది. ఊరికే పిల్లల మీద అరిచేదాన్ని, వాకిలి రెండుసార్లు ఊడ్చేదాన్ని.

అన్నిటికన్నా పెద్ద తప్పు తర్వాత జరిగింది. రెండు లైసెన్సులు ఎందుకు, మనిషి వచ్చి చెప్పుకోమని కచేరీలో అడుగుతున్నారని తెలిసింది. అక్కడికి పోతే కాగితం చదవమంటారు, సంతకం చేయమంటారు, కళ్ల సంగతి బయటపడుతుంది. ఒకటి వదిలించుకుందామన్నాడు. హైదరాబాదు నుంచి ఒక వకీలు జీపులో వచ్చాడు. వాకిట్లో మంచం వేసి రెండూ పరిచారు. నేను గడప లోపల నిలబడ్డాను.

"ఏది ఇస్తావు?" అన్నాడు వకీలు.

"పెద్దది ఇయ్య సాబ్. అది నా పానం. చిన్నది కొంటపోండ్రి" అన్నాడు మా ఆయన.

చిన్నదాని గొట్టం వెన్నెలలాగా ఉంది. పెద్దది చచ్చి ఏళ్లయింది. ఒక్క మాట అంటే చాలు, మంచిది ఇంట్లో ఉంటుంది. కానీ ఆ మాట నేను అంటే, నీకెట్లా తెలుసమ్మా అని వకీలు అడుగుతాడు. ఇన్నాళ్లూ చూసింది ఎవరని తెలిసిపోతుంది. జిల్లా అంతా తెలుస్తుంది. ఆయన తలెత్తుకుని తిరిగేది ఆ ఒక్క పని మీదే. నోరు తెరిచాను, మజ్జిగ కావాలా అని అడిగాను. వకీలు మజ్జిగ తాగి చిన్నదాన్ని జీపులో వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు, వేడి చేసిందన్నాను.

మరుసటి ఏడు పందులు జొన్నచేను తొక్కుతున్నాయని పక్క చేను వాళ్లు వచ్చి బతిమాలారు. పొద్దు గూకకముందే ఆయన పెద్దదాన్ని తీసుకుని పోయాడు. ఆ మాత్రం ఆకారాలు కనపడేవి. వంద అడుగుల్లో పంది నిలబడితే మూడు తూటాలు పేల్చాడు. ఒక్కటీ తగల్లేదు. ఆయన ఇంటికి వచ్చి తుపాకి నా చేతికి ఇచ్చాడు.

"దీని తప్పేం లేదు. నా కండ్లు పోయినయి. ఇగ నేను పేల్చ" అన్నాడు.

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తూటాలు తగలకపోవడంలో కళ్ల వంతు ఎంతో, నా నిమ్మకాయల వంతు ఎంతో ఎవరు చెప్పగలరు? ఆయన మాత్రం మొత్తం తన కళ్ల మీదే వేసుకున్నాడు. నేను వేసుకోనిచ్చాను. నా జన్మలో నన్ను నేను అసహ్యించుకున్న రోజు ఏదన్నా ఉందంటే అది.

అందుకే పాలమూరులో ఆ వారం అట్లా తిరిగాను. గుడ్డ విప్పినరోజు ఆయన కళ్లు చికిలించి కిటికీ వైపు చూసి, "తెల్లగుంది" అన్నాడు. ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అందులో దొంగ ఏడుపేమీ లేదు. ఇంకో నెలన్నరకు అద్దాలు ఇస్తామన్నారు. అద్దాలు పెట్టేదాకా పొగమంచులో చూసినట్టే ఉంటుందట.

ఆ నెలన్నరలో నాకు రాని ఆలోచన లేదు. పెద్దదాన్ని బావిలో పడేసి దొంగలు పోయారందామా? పోలీసులు వస్తారు. ఇనుప కడ్డీకి నూనె గుడ్డ చుట్టి, ఇటుక పొడి అద్ది లోపల గీకాను, ఆయన పొలం దిక్కు పోయినప్పుడల్లా. గీకినకొద్దీ గుంటలు ఇంకా తేటగా కనపడ్డాయి. చెప్పేస్తే పోయేది. అదొక్కటే చేయలేదు.

సీసా అడుగంత మందం అద్దాలు వచ్చాయి. పెట్టుకుని ఇంటికి వచ్చాడు. గోడ మీది బల్లిని చూశాడు, తన చేతి గోళ్లు చూసుకున్నాడు, నన్ను చూశాడు.

"ఏందే, గింత ముసలిదానివైనవ్?" అన్నాడు.

"నువ్వు సూస్తలేవని సింగారిచ్చుకోలె" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వుతోనే చెయ్యి పైకెత్తి పెద్దదాన్ని దించాడు.

పెరట్లోకి పోయాడు. నేను గుమ్మంలో ఉన్నాను. బోల్టు లాగాడు. కన్ను పెట్టాడు. తీసి అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. తిప్పి మూతి వైపు నుంచి చూశాడు. బొటనవేలు మూతి చుట్టూ మెల్లగా తిప్పాడు. తర్వాత బోల్టు వేసి, బట్ట చుట్టి, ఎక్కడి నుంచి దించాడో అక్కడే కట్టాడు. అన్నం పెట్టమన్నాడు. తిన్నాడు. తిడితే బాగుండుననిపించింది. తెల్లవారి సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకుని, "పోయొస్త" అని బస్సు ఎక్కాడు. ఎక్కడికని అడిగే ధైర్యం నాకు లేదు.

పదకొండు రోజులు. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగి తిరిగి పాదాలు పగిలాయి. ఆయన చెల్లెలింటికి పోయాడేమో, పట్నంలో పని వెతుక్కుంటున్నాడేమో, నన్ను వదిలేశాడేమో అనుకున్నాను. అయిదో రోజు, గొర్రెలు అమ్ముకుని దేవరకొండ సంత నుంచి వచ్చిన మా ఊరాయన వాకిట్లో ఆగాడు.

"మీ ఇంటాయన గనపడ్డడక్కా. గా గడీ కాడ అద్దాలు పెట్టుకుని తుపాకి గొట్టంల జూస్తున్నడు. ఎప్పుడో ధర గట్టిందే అంట, మళ్ల జూస్తనన్నడట. దొర గూడ నవ్వుతున్నడు" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. నేను వేలు నొక్కిన ప్రతి తుపాకినీ చూడటానికి పోయాడు. ఒక్క అబద్ధం చెప్పినదాన్ని ఇంకెన్ని చెప్పానోనని. నా మాట పట్టుకుని ఎవరిని ముంచాడోనని. సందు గోడకు చేరగిలబడి అక్కడే కూర్చున్నాను. తిట్టినా కొట్టినా ఇంత ఉండేది కాదు.

పదకొండో రోజు మధ్యాహ్నం వచ్చాడు. మంచం మీద కూర్చుని నీళ్లడిగాడు. ఇచ్చాను. తాగి చెంబు కింద పెట్టాడు.

"అన్ని జాగలు తిరిగిన. పట్నం బోయి మన చిన్నదాన్ని గూడ సూసొచ్చిన. నువ్వు జెప్పినయన్నీ జెప్పినట్టే ఉన్నయి. ఒక్కటి తప్పలె" అన్నాడు. ఖాళీ చెంబును పక్కకు జరిపాడు. "ఇంట్లున్న దాని సంగతే అబద్ధం జెప్పినవ్. ఎందుకే?"

చెప్పాను. అత్త మాట, ఉసురు, అర్ర మూల, శుక్రవారాలు. మెల్లగా మొదలుపెట్టాను, పోను పోను అరుపే అయింది. "నీ కండ్ల కోసమే పెట్టిన. నా కోసం పెట్టుకున్ననా? నువ్వేమో కండ్లు కనపడక గుడ్డోడివైతుంటే నేనేం జెయ్యాలె? నాకేం తెలుసు నిమ్మపులుసు ఇనుమును తింటదని? నువ్వెన్నడన్న జెప్పినవా?"

"ఎన్ని పెట్టినవ్?"

"తొమ్మిది."

ఆయన తల వంచుకున్నాడు. "చిన్నదాన్ని అమ్మేటప్పుడన్న జెప్పకపోతివి."

"జెప్తే వకీలుకు నీ కండ్ల సంగతి తెలుస్తుండె."

ఆయన అద్దాలు తీసి పంచె అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు. అద్దాలు లేని ఆ కళ్లు నీళ్లు నిండి ఎటు చూస్తున్నాయో తెలియలేదు.

"తుపాకి పోతె పోయింది. ఎనిమిదేండ్లు నాకు జెప్పకుండ ఒక్కదానివి ఎట్లున్నవే?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. తిట్లకు సిద్ధంగా ఉన్నాను, మౌనానికి సిద్ధంగా ఉన్నాను. అన్నేళ్ల దుఃఖం ఒక్కసారే వచ్చింది. ఆయన ఓదార్చలేదు, ఆ అలవాటు ఆయనకు లేదు. లేచి పెద్దదాన్ని దించాడు. బోల్టు తీసి మంచం మీద పెట్టి, గొట్టం నా చేతికి ఇచ్చాడు.

"ఇగ ఇప్పుడు సూడు. ఉన్నది ఉన్నట్టు జెప్పు."

గుమ్మంలో నిలబడి, మూతి ఆకాశం వైపు ఎత్తి కన్ను పెట్టాను. కంటి నిండా నీళ్లు. తుప్పూ లేదు, గాడులూ లేవు, ఒట్టి వెలుగు అలుక్కుపోయి ఉంది.

"ఏం గనపడతలేదయ్యా" అన్నాను.

ఆయన నమ్మాడు.